జ్ఞాపకాన్ని గుమ్మం దగ్గర ఆపి: పాత బడి బొమ్మను చదివే పద్ధతి

బెంగళూరులో ఏటా జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మొత్తం బొమ్మల బజారవుతుంది. చిత్రకళా పరిషత్తు వాళ్లు జరిపే చిత్రసంతె అది. ఏ ఏడు వెళ్లినా పాత బడి బొమ్మ ఒక్కటైనా కనబడుతుంది: పెంకుల కప్పు, నల్లబల్ల, పంచెకట్టు పంతులుగారు, పలకలు పట్టుకున్న పిల్లలు. జనం దాని ముందు ఆగుతారు. "అచ్చం మా బడే!" అంటారు. ఆ మాట అన్నాక బొమ్మను చూడటం మానేసి తమ బడిని చూసుకోవడం మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. అలా మైమరచి కొన్న బొమ్మే ఇప్పుడు మా హాల్లో ఉంది. రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, కాన్వాసు మీద తైలవర్ణం.

దాన్ని నిజంగా చూడటం మా నాయన వల్ల వచ్చింది. ఆయన హిందూపురం పక్క పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా అయివారుగా పనిచేసి, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఆయనతో కూర్చుని, కొన్ని నెలలపాటు తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది. మీ ఇంట్లో ఉన్న క్యాలెండరు బొమ్మకైనా పనికొస్తుంది. ముందు అలవాటు కోసం కావాలంటే ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌లో ఉన్న జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకో, కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యాప్ మ్యూజియానికో వెళ్లి, ఏదో ఒక బొమ్మ ముందు అరగంట నిలబడి చూడండి. కావలసింది ఒక నోటుపుస్తకం, పెన్సిలు, ఫోను, ఓపిక.

మొదటి మెట్టు: రెండు వరసలు

నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమ పక్క "ఉంది" అని, కుడి పక్క "అనిపిస్తోంది" అని రాయండి. మొదటి పది నిమిషాలు ఎడమ పక్క మాత్రమే నింపాలి. కంటికి కనిపించేది, వేలు పెట్టి చూపగలిగేది మాత్రమే అక్కడికి వస్తుంది. "పంతులుగారు కోపిష్టి" అన్నది ఎడమ పక్క రాకూడదు. "పంతులుగారి కుడిచేతిలో బెత్తం, బెత్తం కొన నేలకు ఆని ఉంది" అన్నది రావాలి.

ఇది చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది గానీ, పాత బడి బొమ్మ విషయంలో ఇదే అన్నిటికన్నా కష్టం. మన జ్ఞాపకం చాలా తొందరది. బొమ్మలో లేని గంటను మోగిస్తుంది, లేని వేపచెట్టును నాటుతుంది. నేను మొదటిసారి రాసిన జాబితాలో "మూలన నీళ్లకుండ" అని ఉంది. బొమ్మలో కుండే లేదు. అది మా ఊరి బడిలోది.

మనుషుల్ని లెక్కపెట్టండి. మా బొమ్మలో పద్నాలుగు మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు ముగ్గురు. ముందు రెండు పొడుగు బల్లలు, వెనక నేల మీద చాప. మొదటి బల్ల చివర మనిషి లేని చోటు, అక్కడ ఒంటరిగా ఒక పలక. కిటికీ బయట ఇంకొక పిల్లవాడు. ఈ చివరి రెండూ లెక్కపెట్టేదాకా నాకు కనబడనే లేదు.

రెండో మెట్టు: మనం ఎక్కడున్నాం?

బొమ్మను ఎదురుగా నిలబడి ఫోనులో ఫోటో తీయండి. ఫోటో మీద గీతలు గీసే సదుపాయంతో, మన నుంచి లోపలికి వెళ్తున్న అంచుల్ని, అంటే బల్లల పక్క అంచులు, పక్కగోడ నేలను తాకే గీత, కిటికీ పై అంచు, వీటన్నిటినీ పొడిగించండి. గీసినవాడికి చేయి తిరిగి ఉంటే అవన్నీ దాదాపు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్క మీదుగా అడ్డంగా ఒక గీత గీస్తే, అదే చూసేవాళ్ల కంటి ఎత్తు.

ఆ గీత కూర్చున్న పిల్లల తలల మీదుగా పోతే మనం వాళ్లతోపాటు బల్ల మీద కూర్చుని ఉన్నట్టు. నిలబడ్డ పంతులుగారి కళ్ల మీదుగా పోతే నిలబడ్డ పెద్దమనిషిగా చూస్తున్నట్టు. కప్పు దగ్గరికి పోతే ఏ మనిషీ చూడని చోటి నుంచి చూస్తున్నాం.

మా బొమ్మలో అది సరిగ్గా పంతులుగారి కనుబొమల మీదుగా పోయింది. నేను "అచ్చం మా బడే" అని కరిగిపోయిన బొమ్మలో నేను పిల్లను కాదు. గుమ్మంలో నిలబడ్డ పెద్దదాన్ని. తిరిగివచ్చినదాన్ని. ఇది తెలిశాక బొమ్మ మారిపోయింది. బడిలో ఉన్నప్పటి చూపు వేరు, బడిని తలుచుకునే చూపు వేరు. ఈ బొమ్మ రెండోది.

మూడో మెట్టు: వెలుతురు ఎవరి కోసం?

పాతకాలం బడులు కట్టేటప్పుడు పాటించిన ఒక నియమం ఉంది: పెద్ద కిటికీలు పిల్లల ఎడమచేతి వైపు ఉండాలి. ఎక్కువమంది కుడిచేత్తో రాస్తారు. వెలుతురు ఎడమ నుంచి వస్తే చేతి నీడ రాత మీద పడదు. కుడి నుంచి వస్తే రాస్తున్న అక్షరం మీదే పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక. పిల్లలు మనకు వీపు పెట్టి కూర్చుంటే వాళ్ల ఎడమ, మన ఎడమ ఒకటే. మన వైపు తిరిగి కూర్చుంటే వాళ్ల ఎడమ మనకు కుడి అవుతుంది. ఈ మెలిక నాకు తట్టలేదు. మా బొమ్మలో కిటికీ నాకు ఎడమ పక్క ఉంది కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకున్నాను. మా నాయన కళ్లజోడు సర్దుకుని చూసి అన్నారు: "పిల్లోళ్లు మన దిక్కు తిరిగి ఉండారు కదమ్మా. వాళ్లకు వెలుతురు కుడిచేతి పక్కనుంచి వస్తాంది. ఈ పిల్లోడు రాసేది ఎట్ల కనపడతాది వానికి?"

కొన్నాళ్లు దాన్ని చిత్రకారుడి పొరపాటనే అనుకున్నాను. తర్వాత ఎండపట్టీ ఎక్కడెక్కడ పడిందో వరసగా రాసుకున్నాను. పంతులుగారి చెంప మీద, నల్లబల్ల అంచున, మొదటి వరస పిల్లల నుదుటి మీద, ఆ ఒంటరి పలక మీద. చూసేవాళ్ల కన్ను ఎడమ నుంచి కుడికి, వరుసగా ఒక వాక్యం చదివినట్టు నడిచేలా ఆ వెలుతురు పరిచి ఉంది. అది పిల్లలు రాసుకోవడానికి పెట్టిన వెలుతురు కాదు, మనం చూడటానికి పెట్టినది. జ్ఞాపకాల బొమ్మల్లో వెలుతురు చాలావరకు ఇలాగే పనిచేస్తుంది. అందుకే ఏ బొమ్మలోనైనా "ఈ వెలుతురులో ఆ పిల్లవాడు చదవగలడా?" అని అడగండి. చదవగలిగితే, గీసినవాడు ఆ గదిలో కూర్చున్నాడేమో అని ఆలోచించవచ్చు. లేకపోతే, గుమ్మంలో నిలబడి ఉంటాడు.

ఎండపట్టీ పొడవు కూడా చూడండి. అది గది లోపలిదాకా వస్తే సూర్యుడు కిందుగా ఉన్నాడని, అంటే పొద్దున గానీ సాయంత్రం గానీ అని అర్థం. రెంటిలో ఏదో చిన్న గుర్తులు చెబుతాయి. మా బొమ్మలో పిల్లల నుదుటి విభూతి చెరగలేదు, దువ్విన తలలు రేగలేదు. పొద్దునే.

నాలుగో మెట్టు: ఆ పసుపు ఎక్కడిది?

పాత బడి బొమ్మలన్నీ కొంచెం పసుపుగా, కొంచెం గోధుమగా ఉంటాయి. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్ అనే మట్టిరంగుల వాడకం వీటిలో ఎక్కువ. అయితే పసుపు మూడు దారుల్లో రావచ్చు. డామర్ లాంటి సహజమైన జిగురుతో చేసిన వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. లేదా చిత్రకారుడే బొమ్మ మొత్తం మీద పల్చగా ఒక గోధుమ పూత వేసి ఉంటాడు. లేదా ఆ గదిలో పడుతున్న ఎండే అలాంటిది.

తేల్చుకోవడానికి బొమ్మలో తెల్లగా ఉండాల్సినవాటిని వెతకండి. సుద్దముక్క, పంచె అంచు, కాగితం. ఎండలో ఉన్న తెలుపు వెచ్చగా, నీడలో ఉన్న తెలుపు నీలంగానో బూడిదగానో ఉంటే పసుపు ఎండది. ఎండలోనూ నీడలోనూ అన్ని తెలుపులూ ఒకేలా పసుపుగా ఉంటే అది పైపూతో, పాతబడిన వార్నిషో. కొత్తగా గీసిన బొమ్మలో పైపూత ఉందంటే, దాన్ని పాతగా కనిపించేలా చేశారన్నమాట. అది మోసమని నేను అనను. "ఇది ఇప్పటిది కాదు సుమా" అని చెప్పే మాటతీరు అది, కథ మొదట్లో "అనగనగా" లాగా.

ఐదో మెట్టు: గోడలు, నల్లబల్ల, పలకలు చదవడం

నాకు ఎక్కువ ఇష్టమైన మెట్టు ఇది. బొమ్మలోని కాలాన్ని, ఊరిని ఇక్కడ పట్టుకోవచ్చు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నల్లబల్ల మీద ఉన్నది కన్నడమైనా సగానికి సగం చదివేయగలం. ఆ సౌకర్యమే మోసం చేస్తుంది కూడా. మా బొమ్మలో నల్లబల్ల మీద ఉన్నవి తెలుగు అక్షరాలేనని నేను నెలరోజులు నమ్మాను. అ, ఆ ల దగ్గర తేడా పట్టుకోవడం కష్టం. క, గ ల దగ్గరికి రండి. తెలుగు తలకట్టు సరిచూసి పెట్టే టిక్కులా వాలుగా ఉంటుంది. కన్నడ తలకట్టు అడ్డంగా, చదునుగా పోతుంది. మా బొమ్మలో అది చదునుగా ఉంది. "మా బడి" అనుకున్నది కన్నడ బడి. ఇది తెలిసినప్పుడు నాకు కాసేపు ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది. ఇంకొకరి బడి కూడా ఇంత మన బడిలా ఉంటుందా అని తర్వాత సంతోషం కలిగింది.

పలక మీద లెక్కలుంటే దగ్గరికెళ్లి చూడండి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయి వంద భాగాలైంది. కాబట్టి అణాల లెక్క ఉంటే బొమ్మలోని కాలం చాలావరకు అంతకుముందుదే.

గోడ మీద పటం ఎవరిది? మైసూరు సంస్థానంలో బడి అయితే మహారాజు పటం ఉండవచ్చు. 1940 దాకా నాలుగో కృష్ణరాజ ఒడెయరు, ఆ తర్వాత జయచామరాజ ఒడెయరు. అదే బెంగళూరులో దండు (కంటోన్మెంటు) ప్రాంతమైతే 1947 దాకా ఇంగ్లీషువాళ్ల పాలన, అక్కడ జార్జి చక్రవర్తి పటం అతుకుతుంది. గాంధీగారి పటానికి పూలదండ ఉంటే 1948 జనవరి తర్వాతి కాలమని అనుకోవచ్చు. దేశపటం ఉంటే గీతలు చూడండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఆ రోజే మైసూరు రాష్ట్రం కూడా పెద్దదైంది. దానికి కర్ణాటక అన్న పేరు 1973 నవంబరు 1న వచ్చింది.

ఒక జాగ్రత్త. పాత వస్తువు ఒకటి కనబడగానే కాలం తేల్చేయకూడదు. బడిలో పాత దేశపటాలు ఇరవై ఏళ్లు వేలాడుతూనే ఉంటాయి. అన్నిటికన్నా కొత్త వస్తువేదో దాన్నిబట్టి లెక్కకట్టాలి. మా బొమ్మలో దండ వేసిన గాంధీగారి పటం, పలక మీద అణాల లెక్క రెండూ ఉన్నాయి. కాబట్టి 1948కీ 1957కీ మధ్య. పంతులుగారి తల మీద మైసూరు పేటా దానికి సరిపోతుంది.

నల్లబల్ల మీద ఉన్నదే బొమ్మకు గుండెకాయ అయిన సందర్భం ఒకటి చెబుతాను. రష్యా చిత్రకారుడు బొగ్దానోవ్-బెల్స్కీ 1895లో గీసిన పల్లెబడి బొమ్మ మాస్కోలో ట్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. రైతుల పిల్లలు నల్లబల్ల చుట్టూ నిలబడి నోటిలెక్క చేస్తుంటారు. లెక్క ఇది: 10, 11, 12, 13, 14 ల వర్గాల్ని కూడి 365తో భాగించాలి. మొదటి మూడు వర్గాల మొత్తం 365, చివరి రెండింటి మొత్తమూ 365. జవాబు 2. మీరు ఒకసారి నోటితో చేసి చూడండి, అప్పుడు గడ్డం కింద చేయి పెట్టుకుని ఆలోచిస్తున్న ఆ ముందువరస కుర్రవాడి మొహం వేరేగా కనిపిస్తుంది. వాళ్ల బట్టలు పేదవి, వాళ్ల లెక్క పేదది కాదు. బొమ్మ చెప్పదలచుకున్నది అదే.

ఆరో మెట్టు: గీసినవాడి వయసు

బొమ్మలోని కాలం తెలిసింది. ఇక గీసిన కాలం కనుక్కుని రెంటి మధ్య దూరం లెక్కకట్టండి. బొగ్దానోవ్-బెల్స్కీ ఆ బడిలోనే, అందులో కనిపించే రాచిన్‌స్కీ మాస్టారి దగ్గరే చదువుకున్నవాడు. మాస్కో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించి, ఉద్యోగం వదిలి సొంత ఊరు వచ్చి రైతుబిడ్డలకు బడి పెట్టిన మనిషి ఆ మాస్టారు. కాబట్టి ఆ బొమ్మలో ఉన్నది గురువు రుణం. స్విట్జర్లాండుకు చెందిన ఆల్బర్ట్ ఆంకర్ 1848 నాటి పల్లెబడిని 1896లో గీశాడు. 1831లో పుట్టినవాడు కాబట్టి, గీసేనాటికి అరవై దాటిన మనిషి తన పదిహేడేళ్ల వయసు నాటి లోకాన్ని తలుచుకుంటున్నాడన్నమాట.

మా బొమ్మ గీసిన అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. సంతెలో నేనే మాట్లాడాను. 1950ల బడిని అతను చూసే అవకాశమే లేదు. తాతగారు చెప్పింది వినో, పాత ఫోటో చూసో గీసి ఉంటాడు. అరువు జ్ఞాపకం. కంటి ఎత్తు గుమ్మంలో ఎందుకుందో, వెలుతురు తప్పు పక్కనుంచి ఎందుకొస్తోందో ఇప్పుడు కుదురుతుంది. అరువు జ్ఞాపకమని దాని విలువ తగ్గించకండి. అడిగే ప్రశ్న మాత్రం మార్చండి. "అక్కడ ఏం జరిగింది?" అని కాకుండా "ఇవాళ్టి మనిషికి ఆ బడిలో ఏం కావాలనిపించింది?" అని అడగండి.

ఏడో మెట్టు: చూపుల దారాలు

ప్రతి మనిషి ఎటు చూస్తున్నారో పెన్సిలుతో బాణంగుర్తులు గీయండి. ఎక్కువ చూపులు కలిసే చోట బొమ్మ కేంద్రం ఉంటుంది. ఆ కలయికకు లొంగని చూపు ఎక్కడుందో అక్కడ చిత్రకారుడి మనసు ఉంటుందని నా నమ్మకం. మా బొమ్మలో పదిమంది పంతులుగారిని చూస్తున్నారు. చాప మీద ఒక పెద్దపిల్లవాడు చిన్నవాడి చేయి పట్టి రాయిస్తున్నాడు. కిటికీ దగ్గరి పిల్ల ఒక్కతే బయటకు చూస్తోంది.

ఆ పెద్దపిల్లవాడిని దాటిపోవద్దు. మన వీధిబడుల్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పడం మామూలు. ఆండ్రూ బెల్ అనే పాద్రి 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్నాక, ఆ ఊళ్లోని ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాసుకోవడం చూసి, ఆ రాతను తన బడిలోనూ పెట్టి, పిల్లల చేతనే పిల్లలకు నేర్పించాడు. ఆ తర్వాత అది ఇంగ్లండు వెళ్లి మద్రాసు పద్ధతిగా పేరు తెచ్చుకుంది.

ఎనిమిదో మెట్టు: ఎవరు లేరు?

తియ్యటి బొమ్మను అడగాల్సిన చేదు ప్రశ్న ఇది. దీన్ని అడగకపోతే మిగతా మెట్లన్నీ ఎక్కినా సగమే చూసినట్టు.

మా బొమ్మలో పద్నాలుగు మందిలో ముగ్గురే ఆడపిల్లలు. మిగతా ఆడపిల్లలు ఎక్కడ? బెత్తం ఉంది, దెబ్బ తిన్న పిల్లవాడు లేడు. గోడకుర్చీ లేదు, గుంజీలు లేవు, దూలానికి కట్టిన తాడుకు వేలాడే కోదండం లేదు. బొమ్మలు వీటిని ఇష్టంగా మరిచిపోతాయి. మా నాయన మరిచిపోలేదు.

అంబేద్కర్ చిన్నప్పుడు సతారా బడిలో ఒక మూల గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. ఆ పట్టా రోజూ ఇంటినుంచి తెచ్చుకుని, తిరిగి తీసుకుపోవాలి. దాహమేస్తే కొళాయి తానే తిప్పుకోకూడదు. బడి బంట్రోతు ఉంటేనే నీళ్లు. ఇది తెలిసిన కళ్లతో పాత బడి బొమ్మలో ఎవరు బల్ల మీద ఉన్నారో, ఎవరు చాప మీద ఉన్నారో, ఎవరు వరండాలో ఉన్నారో చూడండి.

మా బొమ్మలో కిటికీ బయట పిల్లవాడున్నాడని చెప్పాను కదా. చేతిలో పలక లేదు, కర్ర ఉంది. కన్ను నల్లబల్ల మీద ఉంది. గొర్రెల కాపరి కావచ్చు, జీతానికి కుదిరిన పిల్లవాడు కావచ్చు. కిటికీ దగ్గరి పిల్ల బయటకు చూస్తున్నది అతన్నే. కుర్రచిత్రకారుడు అరువు తెచ్చుకున్న ఆ తియ్యటి లోకంలో అంచున, అరచేయంత చోటులో, ఆ ఇద్దరినీ పెట్టాడు. తెలిసి పెట్టాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. పెట్టాడు.

తొమ్మిదో మెట్టు: ఇక జ్ఞాపకాన్ని లోపలికి పిలవండి

ఇప్పుడు కుడి పక్క వరస నింపండి. దానికి మంచి దారి, ఆ కాలంలో బడికి వెళ్లిన పెద్దవాళ్లను బొమ్మ ముందు కూర్చోబెట్టడం. "మీ బడి ఎలా ఉండేది?" అని అడిగితే ఎప్పుడూ చెప్పే కథే చెబుతారు. బొమ్మలో ఒక వస్తువును వేలితో చూపి అడగండి. నేను పలకను చూపి అడిగితే, మా నాయన బొగ్గుపొడీ దొండాకు పసరూ కలిపి పలకను నల్లగా రుద్దడం, ఆ పచ్చివాసన, ఎండలో పెట్టి ఆరేదాకా కాపలా కాయడం చెప్పారు. అది నేను ఎన్నడూ వినని సంగతి. చెప్పేటప్పుడు మధ్యలో దిద్దకండి. వీలైతే ఫోనులో రికార్డు చేయండి, ముందుగా వాళ్లకు చెప్పి.

ఆఖరుకు నాలుగైదు వాక్యాల్లో మీ చదువును రాయండి. ప్రతి "అనిపిస్తోంది" కిందా కనీసం ఒక "ఉంది" ఉండాలి. నాది ఇలా వచ్చింది: "1950ల మైసూరు సీమ కన్నడ బడిని, దాన్ని చూడని ఒక కుర్రవాడు గుమ్మంలో నిలబడి ఊహించాడు. వెలుతురు పిల్లల కన్నా చూసేవాళ్లకే ఎక్కువ ఉపయోగపడుతోంది. పంతులుగారి మీద గౌరవం ఉంది, కానీ బెత్తం కింద ఎవరూ లేరు. బడి బయటి పిల్లవాడు, వాడిని చూస్తున్న పిల్ల ఈ తీపిలో కలవకుండా నిలబడ్డారు. ఖాళీ చోటులోని పలక, బడి మానేసిన పిల్లవాడిది."

చివరి వాక్యం రాసి మా నాయనకు చదివి వినిపించాను. ఆయన లేచి, బొమ్మ దగ్గరికి వెళ్లి, ఆ పలకను చాలాసేపు చూశారు.

"మానేసినోడు పలక ఇడిచిపెట్టి పోతాడామ్మా? పలక ఎంత విలువ అప్పుడు. వాడు నీళ్లు తాగేదానికి పోయింటాడు. వస్తాడు."

ఆ వాక్యాన్ని కొట్టేయలేదు. దాని పక్కనే ఆయన మాట రాసుకున్నాను.